హారను వైరు

కారుకి హారతి పట్టేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనిషికి పట్టండి, గొడ్డుకి పట్టండి, నేను కాదనను. ఇనప బండికి దిష్టి ఏమిటి? దానికి తగిలేది తుప్పు ఒక్కటే. ఈ మాట అన్నందుకు ఆదెయ్యకి, అంటే నాకు, దేవుడంటే లెక్కలేదని ఊళ్ళో పేరు పడింది. దేవుడంటే లెక్క ఉంది. డైనమో మీద పసుపునీళ్ళు పోసేవాళ్ళంటేనే లేదు.

అరవై రెండు ఎలక్షన్ల నాటి సంగతి ఇది. అప్పుడు ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఇప్పుడు అడిగితే చెప్పేవాడు లేడు. మా బావ ముత్యాలయ్య మాత్రం ఓడాడు. నిలబడకుండానే ఓడాడు.

బోగోలు దగ్గర ట్రంకు రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉండేది. లారీలకి, కార్లకి డైనమోలు, సెల్ఫులు, లైట్ల వైరింగు చూసేవాణ్ణి. షెడ్డు వెనకే ఇల్లు. ఇంట్లో మా అక్క మాలకొండమ్మ, బావ, నేను. వాళ్ళకి పిల్లల్లేరు, నాకు పెళ్ళి లేదు. నా నోటికి జడిసి ఎవడూ పిల్లనివ్వడం లేదని అక్క అనేది. బావ రైసుమిల్లు కామాక్షయ్య గారి కారు డ్రైవరు. మా సముద్రపు ఒడ్డు పల్లెల్లో స్టీరింగు పట్టిన మొదటి మొనగాడు తనేనని ఆయన నమ్మకం. ఖాకీ చొక్కా తొడిగి, భుజాన తుడుపుగుడ్డ వేసుకుని నడుస్తుంటే ఆ నమ్మకం వీధి చివరి దాకా కనపడేది. మనిషి మంచివాడే. వెన్నెముక ఒక్కటే లేదు.

ఆ ఏడు కామాక్షయ్య గారు ఎలక్షన్లో నిలబడ్డారు. ఆయనకి ఎదురు నిలబడినాయన ఒక ప్లీడరు. ఇద్దరూ ఒకే తాను ముక్కలు. ఒకాయన జనాన్ని కాటా మీద ముంచితే ఇంకొకాయన కాయితం మీద ముంచాడు. కామాక్షయ్య గారికి కారొక్కటి ఎక్కువ. యుద్ధానికి ముందెప్పుడో అమెరికా నుంచి దిగిన ఎనిమిది సిలిండర్ల బండి అది. ఎవరో జమీందారు వదిలించుకుంటే ఈయన తగిలించుకున్నాడు. దాని బానెట్టుకి రెండు రెక్కలు, నడిమధ్య పొడుగునా మడతబందు. ఆ బందు కిందే డైనమో, డైనమో నెత్తిన కటౌటు అనే చిన్న డబ్బీ. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, నా బాధంతా అక్కడే ఉంది.

కోతలు మొదలైన రోజులు. ఒక మధ్యాహ్నం ఆ కారుని పార్టీ వాళ్ళు తోసుకుంటూ తెచ్చి నా షెడ్డు ముందు వదిలారు. బావ దిగి తుడుపుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"అబ్బయ్యా, ఇది మళ్ళీ చచ్చింది."

"యాడ?"

"మీటింగు కాడ. ఇంజను ఆపి అయ్య మాట్లాడినాడు. ఎక్కి సెల్ఫు నొక్కితే కిక్కురుమనలా. మొన్ననే గదా నెల్లూరు మేస్త్రి కొత్త బ్యాటరీ వేసినాడు."

"ఆ మేస్త్రి బ్యాటరీలు అమ్ముకునేవాడు బావా. వాడు బ్యాటరీ కాక ఇంకేం వేస్తాడు?"

హ్యాండిలు కొట్టి లేపుకోవచ్చు కదా అనకండి. హ్యాండిలు పెట్టే కంతకి అడ్డంగా పార్టీ గుర్తు చెక్కిన మనిషెత్తు పలక బిగించారు. గుర్తు ముఖ్యం, బండి కదలడం ముఖ్యం కాదు.

బానెట్టు ఎత్తి డైనమో మీద చెయ్యి వేశాను. ఇంజను ఆగి ఎంతసేపో అయింది, డైనమో మాత్రం జ్వరం వచ్చినవాడి నుదురులా కాలుతున్నది. అంతే, నాకు రోగం తెలిసిపోయింది. కటౌటు మూత విప్పాను. లోపలంతా పచ్చగా, ఎర్రగా పెచ్చు కట్టి ఉంది.

కటౌటంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మడికి పెట్టిన తూము లాంటిది. కాలవ నిండుగా ఉన్నప్పుడు తూము తెరుచుకుంటే మడికి నీళ్ళు పారతాయి. కాలవ తగ్గినప్పుడు మూసుకోకపోతే మడిలో నీళ్ళే తిరిగి కాలవలోకి పోతాయి. అట్లాగే ఇంజను తిరిగేటప్పుడు కటౌటు పాయింట్లు రెండూ కలిసి డైనమో కరెంటుని బ్యాటరీకి పంపాలి. ఇంజను ఆగగానే విడిపోవాలి. విడిపోకుండా బిగుసుకుపోతే బ్యాటరీలో ఉన్నదంతా వెనక్కి డైనమోలోకి కారిపోతుంది. అయ్యగారి ఉపన్యాసం అయ్యేసరికి బ్యాటరీ పీనుగు. ఆయన ఉపన్యాసం వింటే మనిషే పీనుగవుతాడు, బ్యాటరీ ఎంత.

"ఇదేంది బావా, ఇందులో పులుసు పోసినావా?"

"ఎర్రనీళ్ళు," అన్నాడు బావ, నేల చూస్తూ.

కామాక్షయ్య గారి తల్లి నాగులమ్మ గారు రోజూ పొద్దున్నే కారుకి హారతి పట్టి పసుపూ సున్నం కలిపిన నీళ్ళు దిగతుడుస్తుంది. దిగతుడిచి రోడ్డు మీద పారబోస్తే ఏ గొడవా లేదు. "మనిషికైతే కాళ్ళ ముందర పోస్తాము. కారుకి మొహం ఇదే గదా, మొహం మీదనే పొయ్యాల," అన్నదట ఆవిడ. పెద్దింటి ఆడవాళ్ళు ఏది చేస్తే ఊళ్ళన్నీ అదే చేస్తాయి. కారు ఏ పల్లెకి పోయినా అమ్మలక్కలు చెంబుల్తో వచ్చి బానెట్టు మీద దిమ్మరించడం మొదలుపెట్టారు. నీళ్ళు మడతబందులోంచి తిన్నగా కటౌటు మీదికి. పైన సముద్రపు ఉప్పుగాలి సరేసరి.

"సరే, కరెంటు చూపే మీటరులో ముల్లు ఎనక్కి పడుంటది. అదన్నా చూడలా?"

"మీటరు మీద పెద్దమ్మగారు స్వామి పటం అతికించినారు."

"తీసెయ్యి."

"స్వామి పటం తీస్తారా యాడన్నా?"

పాయింట్లు గీకి శుభ్రం చేశాను. లారీ ట్యూబు ముక్క కోసి, కటౌటుకి గొడుగులా పట్టేటట్టు కట్టాను. ఇంక సముద్రం పోసినా లోపలికి చుక్క దిగదు. బావకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆయన తల ఊపాడు. మా బావ తల ఊపడంలో దిట్ట. ఎవరు ఏది చెప్పినా ఊపుతాడు, అక్కడే వచ్చింది చిక్కంతా.

కొన్నాళ్ళు బండి బాగానే తిరిగింది. ఇంతలో కామాక్షయ్య గారికి ఒక సరదా పుట్టింది. ప్లీడరు గారి సొంత ఊళ్ళో, ప్లీడరు గారి ఇంటి ముందే మీటింగు పెట్టాలని. తోడుగా నన్ను కూడా రమ్మన్నాడు బావ.

"నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం అబ్బయ్యా."

"బండి బాగానే ఉండాది గదా, ధైర్యం దేనికి?"

ఆయన తుడుపుగుడ్డ దులిపి బానెట్టు తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడే అనుమానించాల్సింది.

మీటింగు అయింది. కామాక్షయ్య గారు ప్లీడరు ఇంటి వైపు చెయ్యి చూపి చూపి మాట్లాడి, దండలతో వచ్చి కారులో కూర్చున్నారు. బావ సెల్ఫు నొక్కాడు. టక్కుమని ఒక చప్పుడు, అంతే. మళ్ళీ నొక్కాడు. ఈసారి అదీ లేదు. ప్లీడరు ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ముందు నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత అడ్డం తీసేసి నవ్వారు.

నేను బానెట్టు ఎత్తాను. నా ట్యూబు ముక్క లేదు. దాని చోట ఒక పట్టుగుడ్డ. పసుపు నీళ్ళలో తడిసి, కటౌటుని బాలింత తలకి కట్టినట్టు గట్టిగా చుట్టి ముడివేసి ఉంది.

"ట్యూబు ముక్క యాడ బావా?"

"పెద్దమ్మగారు చూసినారు. తోలు అన్నారు. హారతి పట్టే బండిలో చచ్చిన గొడ్డు తోలు పెడతారంట్రా అని తీయించినారు."

"అది రబ్బరని చెప్పడానికి నోరు లేదా నీకు?"

"పెద్దామెకి ఎదురు చెప్తామా? గుడ్డయితే మంచిదని ఆమె పట్టు కోక చింపి, పసుపులో ముంచి ఇచ్చినారు. కట్టినా."

నాకు ఏడుపు రాలేదు గానీ నవ్వు వచ్చింది. మామూలుగా అయితే నీళ్ళు పడి కాసేపటికి ఆరేవి. ఇప్పుడు కటౌటు పొద్దస్తమానం తడిగుడ్డలోనే మగ్గింది. రోగికి మందు మాన్పించి విషం పట్టు కట్టినట్టుంది. ఈలోగా ప్లీడరు గారి పాలేరు ఒకడు ఎద్దుల జతని తోలుకుంటూ వచ్చి, పలుపుతాడు భుజాన వేసుకుని కామాక్షయ్య గారికి దణ్ణం పెట్టాడు.

"మా అయ్య పంపించినాడు సామీ. మీరు యాడి దాకా పోవాలంటే ఆడి దాకా తోలుకుపోండి. గడ్డి మేమే వేసుకుంటాము."

ఆ ఊరు ఊరంతా ఒక్కసారి నవ్వింది. చెంబుల్తో నీళ్ళు పోసిన ఆడవాళ్ళు కూడా నవ్వారు. కామాక్షయ్య గారు మెడలో దండలతో, కారు అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చున్నారు. పార్టీ వాళ్ళు వెనక నుంచి తోశారు. ఎద్దుల జత పిలవని పేరంటాళ్ళలా పక్కనే పొలిమేర దాకా నడిచి వచ్చింది.

పొలిమేర దాటాక కామాక్షయ్య గారి బావమరిది వెంకయ్య నా దగ్గరికి వచ్చాడు. ఎలక్షను నడిపేదంతా ఆయనే. తెల్లటి జుబ్బా, నల్లటి మనసు.

"ఏమైంది దీనికి?"

"మీ పెద్దమ్మగారి కోక అయింది," అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆ మాట ఇంకెవురి కాడా అనబాక. వైరేదన్నా కోసుండారా, చూడు."

"ఏ వైరూ కోయలా. అన్నీ సుబ్బరంగా ఉండాయి."

ఆయన నా సామాను పెట్టెలోంచి కటింగు ప్లేయరు తీసుకున్నాడు. బానెట్టులోకి వంగి, చేతికి అందిన వాటిలో సన్నటిది చూసుకుని టక్కున తుంచాడు.

"ఇప్పుడు కోసుండాది గదా?"

"అది హారను వైరయ్యా."

"వైరే గదా," అన్నాడు వెంకయ్య. ప్లేయరు జుబ్బాకి తుడిచి మరీ నాకు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున వెంకయ్య షెడ్డుకే వచ్చాడు. అక్క చేపలు కొనడానికి పోయింది. ఆమె లేని వేళ చూసుకునే వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. బావని టైర్ల మీద కూర్చోబెట్టి, తను నిలబడే మాట్లాడాడు.

"చూడు ముత్యాలయ్యా. బండి ఆ ఊళ్ళో ఆగింది. ఎట్టా ఆగిందో జనానికి చెప్పాల. పెద్దమ్మగారి పేరు చెప్పలేము. నీ చేతకానితనం అంటే ఈ రోజే నీ ఉద్యోగం పోద్ది. ఇంకో దారి ఉండాది. ప్లీడరు మనుషులు నీ పెళ్ళానికి బంగారు గాజులు పెట్టి నీ చేత వైరు కోయించినారు. రేపు బోగోలు మీటింగులో నువ్వే ఆ మాట చెప్పి ఏడుస్తావు. అయ్య నిన్ను క్షమిస్తాడు. అంతే."

"దొంగననిపించుకోమంటారా అయ్యా?"

"క్షమించినాక దొంగేంది? గెలిచినాక అయ్య కొత్త కారు కొంటాడు. ఈ బండి నీకు రాసిచ్చేస్తాడు. టాక్సీ తోలుకో. నీ బతుకు నీది."

ఆ మాటకి మా బావ మొహం చూడాలి. చేప ఎరని చూసినా కొంచెం ఆలోచిస్తుంది. ఈయన వెంటనే తల ఊపాడు. వెంకయ్య పోతూ పోతూ, ఈ సంగతి ఆడవాళ్ళ దాకా పోనివ్వద్దని, వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని చెప్పిపోయాడు.

నేను ఊరుకోలేదు. "బావా, నీకు సిగ్గుండాదా? ఇన్నేళ్ళు తోలినావు, హారను వైరు కోస్తే బండి ఆగదని నీకు తెలీదా?"

"నాకు తెలుసు, నీకు తెలుసు. జనానికి తెలీదు గదా అబ్బయ్యా."

"నీ పేరేమవుద్ది?"

"మాట గాల్లో పోద్ది. కారు నిలబడి ఉంటది."

"అక్కకన్నా చెప్పు ముందు."

"చెప్తాలే. మీటింగుకి పోయే ముందర చెప్తా," అన్నాడు. చెప్పలేదు. అక్క నల్లంచు చీర కట్టుకుని, తన మొగుడు మైకులో మాట్లాడతాడని ఇరుగుపొరుగుని వెంటబెట్టుకుని మీటింగుకి వచ్చింది.

బోగోలు బజారులో ఆఖరి మీటింగు అది. జనం బాగానే వచ్చారు. వెంకయ్య తుంచిన వైరు ముక్కని పళ్ళెంలో పెట్టి, మీద గుడ్డ కప్పి, శవాన్ని చూపించినట్టు గుడ్డ తీసి చూపించాడు. జనం అయ్యో అన్నారు. నా పక్కన ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు కూర్చుని ఉన్నాడు. ఉండబట్టలేక ఆయనతో అన్నాను.

"అయ్యవారూ, అది హారను వైరండీ. అది కోస్తే హారను మోగదు, అంతే."

"హారను లేకుండా బండి ఎట్టా పోద్దబ్బా?" అన్నాడు ఆయన. పిల్లలకి సైన్సు చెప్పేది ఈయనే.

బావ మైకు ముందుకి వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. "ఈ వైరు నేనే కోసినా," అన్నాడు. "ప్లీడరు గారి మనుషులు మా ఇంటిదానికని బంగారు గాజుల జత ఇచ్చినారు. తీసుకున్నా. తప్పయింది," అన్నాడు. మైకు ఆ రోజు బాగా పనిచేసింది. ఆఖరి వరసలో ఉన్న ముసలివాళ్ళకి కూడా స్పష్టంగా వినపడింది.

కామాక్షయ్య గారు లేచి బావని కౌగిలించుకున్నారు. "వారు బంగారంతో కొన్నారు. నేను మనసుతో కొంటున్నాను. తప్పు చేసినవాణ్ణి క్షమించడమే మన ధర్మం," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ వైపు చూశాను. అక్కడ ఎవరూ వేదిక వైపు చూడటం లేదు, అందరూ మా అక్క చేతుల వైపు చూస్తున్నారు. ఆమె చేతులకి మట్టిగాజులు ఉన్నాయి. ఆమె రెండు చేతులూ పైట కిందికి లాక్కుంది.

కామాక్షయ్య గారు గెలిచారు. ఎద్దుల జతని చూసి నవ్విన ఊళ్ళోనే ఎక్కువ ఓట్లు పడ్డాయని చెప్పుకున్నారు. మన జనం సంగతి నాకు కొత్త కాదు.

గెలిచిన వారానికి బావ తలకి నూనె రాసుకుని, కారు తాళం చెవి కోసం మిల్లుకి పోయాడు. పోయినంత వేగంగానే తిరిగి వచ్చాడు. షెడ్డులో టైర్ల మీద కూలబడ్డాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"అయ్య కనపళ్ళా. వెంకయ్య గారు కనపడినారు. ఎదుటోడి బంగారం తిన్నోడికి కారు ఇస్తే జనం ఏమనుకుంటారు అన్నాడు. అయ్య క్షమించినాడు గదా, అదే గొప్ప, పో అన్నాడు."

"ఉద్యోగం?"

"అదీ అంతే. తాళం చెవి ఎట్టా ఇస్తాము నీకు అన్నాడు."

"అబద్ధమని ఆయనకి తెలుసు గదా."

"తెలుసు గదా అబ్బయ్యా," అన్నాడు బావ. అదేదో లోకంలో వింతలా అన్నాడు.

ఆ బండి వెంకయ్యకే చేరింది. కొన్నాళ్ళకి కొత్త డ్రైవరుతో నా షెడ్డుకి పంపించాడు, హారను మోగడం లేదు చూడమని. కోసినవాణ్ణే అతికించమని చెప్పు పో అన్నాను. ఆ తర్వాత వాళ్ళ లారీలు కూడా నా షెడ్డుకి రావడం మానేశాయి. పోతే పోయాయి. బావ సంగతి అట్లా కాదు. కావలి నుంచి నెల్లూరు దాకా ఆయన ఏ కారు గలాయన గుమ్మం ఎక్కినా, "ఓహో, గాజుల ముత్యాలయ్యవా?" అనేవాళ్ళు. మర్యాదగా మజ్జిగ ఇచ్చేవాళ్ళు. స్టీరింగు ఎవరూ ఇవ్వలేదు.

ఇంట్లో సంగతి ఇంతకన్నా అన్యాయం. మీటింగు నుంచి వచ్చిన రోజే బావ అక్కకి అంతా చెప్పాడు. ఆమె విని పొయ్యి దగ్గరికి పోయింది. చేతి పంపు దగ్గర ఆడవాళ్ళు ఆమెని పలకరించే తీరు మారింది. కొందరు గాజులు ఎప్పుడు తీస్తావు అని అడిగారు. కొందరు అడగకుండా, పాపం, అన్నారు. ఆ పాపం అన్నవాళ్ళే కొంప ముంచారు. ఒక మధ్యాహ్నం బావ అన్నం ముందు కూర్చోగానే అక్క కంచం దగ్గరే చతికిలబడి అడిగింది.

"గాజులు యాడ?"

"ఏ గాజులే?"

"అంతమంది ముందర తీసుకున్నా అన్నావే, ఆ గాజులు. నాకు ఇయ్యలా. మరి ఎవతికి ఇచ్చినావు?"

బావ నా వైపు చూశాడు. సరే, ఈ మనిషికి లేని నోరు నాకుంది కదా అని నేను మొదలుపెట్టాను. తోలు అన్న రబ్బరు నుంచి, పట్టు కోక నుంచి, వెంకయ్య చేతిలో కటింగు ప్లేయరు దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"నువ్వు చెప్పేది కరెంటు సంగతి తమ్ముడా. నేను అడిగేది గాజుల సంగతి," అన్నది.

"గాజులే లేవక్కా. అంతా అబద్ధం."

"చెయ్యని తప్పుని ఊరందరి ముందర తలొంచుకుని ఒప్పుకునే మొగోడు ఉంటాడా?"

"ఉంటాడు. ఇదిగో, అన్నం తింటా ఉండాడు."

"మొగోళ్ళు ఇంట్లో అబద్ధాలు చెప్తారు, అది నాకు తెలుసు. మీటింగులో అబద్ధం చెప్పి ఇంట్లో నిజం చెప్పేవాణ్ణి నేను చూళ్ళా," అన్నది అక్క. తర్వాత గొంతు తగ్గించి, బావతో అన్నది. "పిల్లల్లేని దాన్నని చులకన గదా నేను నీకు. కావలిలో ఎవతో ఉండాదని అంటా ఉండారు. దానికి పెట్టినావా?"

బావ కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. కామాక్షయ్య గారి కౌగిట్లో రాని నీళ్ళు అవి. జాలి పడదామనుకున్నాను గానీ కోపమే ఎక్కువ వచ్చింది.

ఆమె మూట కట్టుకుని కృష్ణపట్నంలో ఉన్న మా పెద్దమ్మ ముసలమ్మ దగ్గరికి పోయింది. ఎండలు ముదిరాయి. ఇంట్లో మేమిద్దరం మగవాళ్ళం మాడిన అన్నం తిని, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పడుకునేవాళ్ళం. బావ రెండుసార్లు కృష్ణపట్నం పోయాడు. మొదటిసారి పెద్దమ్మ గుమ్మంలోకి రానివ్వలేదు. రెండోసారి అక్క తలుపు సందులోంచి ఒకే మాట చెప్పిందట.

"గాజులు ఎవతి కాడన్నా ఉండనీ. తిప్పి తెచ్చి నా చేతిలో పెట్టు. వస్తా."

ఆ తర్వాత బావ కొన్నాళ్ళు కనపడలేదు. జువ్వలదిన్నెలో పడవ మీద చేపలు పట్టే తన తమ్ముళ్ళ దగ్గర ఉన్నాడనుకున్నాను. ఒక పొద్దుగూకే వేళ అక్కని వెంటబెట్టుకుని బస్సు దిగాడు. అక్క ముందు నడుస్తున్నది, ఆయన మూట మోస్తూ వెనక వస్తున్నాడు. ఆమె కావాలనే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బజారు మధ్యలో నడిచింది. చేతులకి బంగారు గాజుల జత ధగధగా మెరుస్తున్నది. చేతి పంపు దగ్గర బిందె నిండి పొర్లుతున్నా కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు.

"చూసినారా, మేమనలా? నిప్పు లేనిదే పొగ వస్తాదా?" అన్నారు అందరూ. అంతదాకా ముత్యాలయ్య అట్లాంటివాడు కాడేమోనని ఎక్కడో ఒకరిద్దరు అనుకునేవాళ్ళు. ఆ పొద్దుతో వాళ్ళూ నోరు మూసుకున్నారు.

నేను బావని షెడ్డులోకి లాక్కుపోయాను.

"యాడియి ఇవి?"

"పడవలో నాయన ఇచ్చిన వాటా ఉండాది గదా. తమ్ముడికి అమ్మేసినా. నెల్లూరులో చేయించినా."

"మరి నువ్వేం చేసి బతుకుతావు?"

"అదే పడవలో కూలికి రమ్మన్నాడు తమ్ముడు. వల లాగాల. ఎల్లుండి నుంచి పోతా."

తిట్టడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ అప్పటికే అయిపోయాయి. తన పడవలో తనే కూలివాడు. ఇంత చేసి, ఆ పెళ్ళాం చేతికి పెట్టేటప్పుడు ఏమని పెట్టాడని అడిగాను. ఏమీ అనలేదట, ఊరికే చేతిలో పెట్టాడట. ఆమె యాడ దాచినావు ఇన్నాళ్ళు అంటే తల ఊపాడట.

ఆ రోజు అక్క చేపల పులుసు వండింది. చాలా రోజులకి ఇంట్లో మనుషులు తినే కూడు. మా ఇద్దరికీ వడ్డిస్తుంటే ఆమె చేతుల మీద గాజులు పైకి జారి కిందికి జారి గలగలమన్నాయి. ఆమె మొహం తేటగా ఉంది. పెళ్ళిలో కూడా ఆమెని అంత తేటగా నేను చూడలేదు. నా నోరు ఊరుకోదు కదా.

"అక్కా, అవి ప్లీడరు ఇచ్చినవి కాదు. బావ పడవ వాటా అమ్మినాడు, నీ కోసరం."

"నువ్వు ఎప్పుడూ ఇంతే. ఆయన్ని మంచోణ్ణి చెయ్యాలని చూస్తావు," అన్నది అక్క, పులుసు గరిట నా కంచంలోకి వంచుతూ. "తప్పు చేసినాడు, తిప్పి తెచ్చినాడు. నేను కడుపులో పెట్టుకున్నా. ఇంక ఆ మాట ఎత్తబాక." తర్వాత చెయ్యి దీపం దగ్గరికి చాపి, గాజుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఎవురేమన్నా అననీ తమ్ముడా. ఆ ప్లీడరయ్య మాత్రం మేలిమి బంగారం ఇచ్చినాడు."

నేను బావ వైపు చూశాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"అవునే," అన్నాడు. "మేలిమే."